తెరమీది కారడవి, గడపముందు చిట్టడవి: తెలుగు సినిమా అరణ్యచిత్రణపై కవిసమయ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం రాతిగుట్టలు, ముళ్ళపొదలు కలిసిన చిట్టడవి నేల. ఆ చిట్టడవిలో నేటికీ మిగిలిన భాగం కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. తెలుగు సినిమా మాత్రం అడవి అనగానే ఎత్తయిన చెట్లు, జలపాతం, పులి ఉన్న కారడవినే చూపిస్తూ వచ్చింది. ఈ చిత్రణ పద్ధతిని రాజశేఖరుని ‘కావ్యమీమాంస’లోని కవిసమయ విభాగాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పక్షి పరిశీలనకు ప్రాణమైన స్థల, కాల నిర్దిష్టతను ఇక్కడ విమర్శకు కొలమానంగా తీసుకున్నాను. తెరమీది అడవి ప్రేక్షకుల మనసులో ‘అడవి’ అనే మాటకు అర్థాన్ని నిర్ణయిస్తుందనీ, ఆ అర్థానికి చట్టపరమైన పర్యవసానాలు కూడా ఉన్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు సినిమా, అడవి, చిట్టడవి, కవిసమయం, పక్షి పరిశీలన, కలివికోడి, కొండపొలం, ఫిల్మ్‌నగర్.

1. ఉపోద్ఘాతం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు పరిసరాల్లో రెండు అడవులు ఉన్నాయి. ఒకటి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. సుమారు 390 ఎకరాల ఈ స్థలాన్ని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. నిజాం వంశీయుల చిరాన్ ప్యాలెస్ దీనిలోపలే ఉంది. గుండ్రాళ్ళ మధ్య పొదలు, పొదల కింద ఎండుటాకులు, వాటిమీద నడిచే నెమళ్ళు ఇక్కడి దృశ్యం. తెల్లవారుజామున ఇక్కడ నడిచేవారికి కౌజుపిట్ట అరుపు, జెముడుకాకి గొంతు, పికిలిపిట్టల కలకలం వినిపిస్తాయి.

రెండో అడవి ఫిల్మ్‌నగర్‌లోనూ, దాని చుట్టుపక్కల స్టూడియోల్లోనూ తయారవుతుంది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో బంజారాహిల్స్‌లో 22 ఎకరాల్లో ప్రారంభమైంది. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు కూడా ఈ గుట్టల మీదే వెలిశాయి. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చాక తెలుగు సినిమాలోని అడవులకు కథ, కూర్పు, శబ్దం, మాట సమకూర్చే పని చాలావరకు ఇక్కడే జరుగుతోంది.

ఈ రెండు అడవుల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా ఒక అడవిలోని పిట్ట రెండో అడవిలోకి ఎందుకు రాలేదన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న. పరిశీలనకు ‘అడవిరాముడు’ (1977), ‘అడవి దొంగ’ (1985), ‘అడవి’ (2009), ‘అరణ్య’, ‘కొండపొలం’, ‘పుష్ప: ది రైజ్’ (మూడూ 2021), ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) చిత్రాలను స్వీకరించాను. ఇవన్నీ అడవిని ఏదో ఒక రీతిలో కథకు ఆధారం చేసుకున్నవే.

2. కొలమానం: కవిసమయం, పక్షి పరిశీలన

శాస్త్రంలో లేకపోయినా, లోకంలో కనిపించకపోయినా, పరంపరగా వస్తున్నందువల్ల కవులు చెప్పే విషయాన్ని రాజశేఖరుడు కవిసమయం అన్నాడు. దానిలో మూడు రీతులను గుర్తించాడు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం మొదటిది. ఉన్నదాన్ని చెప్పకుండా విడిచిపెట్టడం రెండోది. అనేకచోట్ల, అనేకవేళల ఉండేదాన్ని ఒక్కచోటికో ఒక్కవేళకో పరిమితం చేయడం మూడోది. దీన్ని నియమం అంటారు. కోకిల వేసవిలో కూసినా వసంతంలోనే కూసినట్టు, నెమలి వర్షాకాలంలోనే ఆడినట్టు చెప్పడం ఈ మూడో రీతికి ఉదాహరణలు.

కవిసమయాన్ని రాజశేఖరుడు దోషంగా భావించలేదు. పూర్వులు శాస్త్రాలు చదివి, దేశాలు తిరిగి, తాము కనుగొన్న వాటినే చెప్పారనీ, దేశకాలాలు మారడంవల్ల అవి నేడు వేరుగా తోస్తున్నాయనీ సమర్థించాడు. ఈ సమర్థనలో ఒక విలువైన సూచన ఉంది. ఏ సంకేతమైనా మొదట ఎవరో ఒకరి చూపులోంచే పుట్టాలి. కాబట్టి తెలుగు సినిమా అడవి ఒక కవిసమయమైతే, అది ఎవరి చూపులోంచి పుట్టిందని అడగడం న్యాయమైన విమర్శ.

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి పక్షి పరిశీలన ఉపకరిస్తుంది. పక్షి పరిశీలకుడు ‘అడవిలో పిట్టలు కూస్తున్నాయి’ అని రాయడు. ఏ పిట్ట, ఏ చోట, ఏ తేదీన, ఎన్ని గంటలకు, కనిపించిందా లేక వినిపించిందా అన్నది రాస్తాడు. ఈ క్రమశిక్షణ మనకు కొత్తది కాదు. 1930 దశకం తొలినాళ్ళలోనే సాలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే జరిపి, ఫలితాలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. అడవిని పరిశీలించి రాసే ఒక సంప్రదాయం ఈ నేలమీద సినిమా స్టూడియోల కంటే ముందే ఉంది.

3. లేనిదాన్ని చెప్పడం: ఒక అడవికి మరో అడవి

మొదటి రీతికి తెలుగు సినిమాలో ఉదాహరణలు కొల్లలు. ‘అడవిరాముడు’లోని అడవి తమిళనాడులోని ముదుమలైది. రామ్‌గోపాల్‌వర్మ ‘అడవి’ శ్రీలంకలో తీసింది. ‘ఆర్‌ఆర్‌ఆర్’ కథ జరిగేది 1920ల భారతదేశంలో. అయితే కథానాయకుడు పులిని ఎదుర్కొనే పరిచయ సన్నివేశంలోని చెట్లు బల్గేరియావి, పులి కంప్యూటర్ సృష్టి.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. జంతువును కంప్యూటర్‌తో సృష్టించడం లోపం కాదు. 1977లో నిజమైన ఏనుగులే నటించాయి. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి వంటి వాటిచేత ప్రదర్శనలు చేయించడాన్ని 1998లో కేంద్రప్రభుత్వం నిషేధించింది. 2001 నాటి నిబంధనల తర్వాత సినిమాలో ఏ జంతువును వాడాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. జీవకారుణ్యం దృష్ట్యా ఇది మేలైన మార్పు. విమర్శకు గురికావలసింది జంతువు కాదు, జంతువు నిలబడిన నేల.

ఈ భేదం ‘పుష్ప’లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కథకు ఎర్రచందనమే ప్రాణం. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణభాగంలో, ముఖ్యంగా శేషాచలం, దాని పరిసర కొండల్లోనే. అది వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న పొడి నేల. చిత్రీకరణ ఎక్కువగా జరిగింది గోదావరికి ఉత్తరాన ఉన్న మారేడుమిల్లి అడవుల్లో. అది వాన ఎక్కువ, తీగలు, వెదుళ్ళు అల్లుకునే పచ్చని అడవి. పక్షుల పట్టిక చూస్తే ఈ రెండూ వేర్వేరు లోకాలు. శేషాచలం రాళ్ళలో పసుపుగొంతు పికిలిపిట్ట తిరుగుతుంది. అది దక్షిణ భారతపు రాతిగుట్టలకే పరిమితమైన పక్షి. మారేడుమిల్లి వైపు కొండగోరింక, పెద్దముక్కు ధనేశపక్షి వంటి తడి అడవుల పక్షులు ఉంటాయి. తెరమీద ఎర్రచందనం దుంగలు పచ్చని అడవిలోంచి దొర్లివస్తుంటే, ఆ చెట్టు ఎందుకు అరుదైందో ప్రేక్షకుడికి తెలిసే అవకాశం పోతుంది. పొడి నేలలో నెమ్మదిగా పెరగడమే ఆ కలపకు ఆ రంగును, ఆ గట్టిదనాన్ని, ఆ ధరను ఇచ్చింది. చిత్రం ధరను చెప్పింది, నేలను చెప్పలేదు.

చిత్రీకరణకు అనుమతులు, రవాణా, వెలుతురు వంటి ఇబ్బందులు ఉంటాయి కాబట్టి స్థలమార్పిడి అనివార్యం కావచ్చు. కానీ అన్ని మార్పిళ్ళూ ఒకటి కావు. ఎండుటాకుల అడవికి మరో ఎండుటాకుల అడవిని వాడటం వేరు, తడి అడవిని వాడటం వేరు. మొదటిది నటుడికి బదులు నటుడు, రెండోది పాత్రనే మార్చడం.

4. ఉన్నదాన్ని చెప్పకపోవడం: చిట్టడవి అదృశ్యం

రెండో రీతి మరింత తీవ్రమైనది. తెలుగు మాట్లాడే ప్రాంతంలో విస్తారంగా ఉన్నవి పొడి ఆకురాల్చే అడవులు, ముళ్ళపొదల చిట్టడవులు. వీటికి తెలుగులో పేర్లకు కొదవలేదు. చిట్టడవి, తుప్పలు, పొదలు, కంచ, బీడు అని ఒక్కో స్థితికి ఒక్కో మాట ఉంది. భాష గుర్తించిన ఈ భేదాలను తెర గుర్తించలేదు. సినిమాలో చిట్టడవి కనిపిస్తే అది అడవిగా కనిపించదు. పోరాట సన్నివేశానికి కావలసిన బయలుగానో, శవం దొరికే స్థలంగానో కనిపిస్తుంది.

ఈ అదృశ్యానికి కలివికోడి ఉదాహరణ చాలు. జెర్డాన్ 19వ శతాబ్దంలో కనుగొన్న ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషితో, స్థానిక వేటగాళ్ళ ఎరుక సాయంతో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. దాని రక్షణ కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాతి కాలంలో తెలుగుగంగ కాలువ పనులు దాని ఆవాసానికి ముప్పు తెచ్చినప్పుడు కాలువ దారిని మార్చవలసి వచ్చింది.

కలివికోడి పేరులోనే కలివి పొద ఉంది. పిట్టను దాని పొదతో కలిపి గుర్తుపెట్టుకున్న జనం పెట్టిన పేరు అది. ఇది కారడవి పక్షి కాదు. పొదల మధ్య ఖాళీ నేలమీద, రాత్రివేళ తిరిగే పక్షి. పొద మరీ దట్టమైనా, మరీ పలచనైనా అక్కడ ఉండదు. దాన్ని వెదికినవారు ఇసుక పరచి అడుగుజాడలు చూశారు, కూత విన్నారు, తానే పనిచేసే కెమెరాలు అమర్చారు. అంటే ఈ పక్షిని చేరడానికి కంటికంటే ముందు చెవి, ఓపిక అవసరమయ్యాయి.

ఎర్రచందనం, కలివికోడి రెండూ కడప కొండలకు సంబంధించినవే. ఒకటి కొండమీద, మరొకటి కొండకింది పొదల్లో. పరిశ్రమ ఆ ప్రాంతం నుంచి అమ్ముడుపోయే దుంగను కథగా స్వీకరించింది, అమ్ముడుపోని పిట్టను విడిచిపెట్టింది. పోగొట్టుకుని 86 ఏళ్ళకు దొరికిన పక్షి కథలో అన్వేషణ ఉంది, రాత్రి ఉంది, వేటగాడి విద్య రక్షకుడి విద్యగా మారిన మలుపు ఉంది. కథ లేక కాదు, ఆ నేలను అడవిగా చూసే అలవాటు లేకనే అది తెరకెక్కలేదని నా భావన.

5. నియమం: శకునాల పిట్టలు

మూడో రీతి శబ్దంలో కనిపిస్తుంది. తెలుగు సినిమాలో సంభాషణల్ని తర్వాత స్టూడియోలో చెప్పించే పద్ధతి బలంగా ఉంది. అడవి దృశ్యానికి వినిపించే పక్షికూతలు కూడా చాలాసార్లు చిత్రీకరణ స్థలంలో పట్టినవి కావు, తర్వాత కూర్చినవి. ఆ కూర్పులో ప్రతి పిట్టకూ ఒక ఉద్యోగం కేటాయించి ఉంటుంది. ప్రేమకు కోకిల, వానకు నెమలి, చావుకు గుడ్లగూబ, కీడుకు తీతువు.

కోకిల విషయంలో సంకేతం ఎంత బలమైనదంటే, గాయనిని గానకోకిల అంటాం. నిజానికి ‘కూ’ అని పిలిచేది మగపక్షి. ఇది హానిలేని కవిసమయమే. తీతువు సంగతి వేరు. తీతువు నేలమీద, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో నక్కో అటు వస్తే ఎగిరి గోలగా అరుస్తుంది. రాత్రిపూట దాని అరుపు వినిపించిందంటే చీకట్లో ఎవరో కదులుతున్నారని అర్థం. పల్లెజనం దాన్ని కీడుకు సూచనగా భావించడం వెనుక ఈ అనుభవం ఉండి ఉండాలి. రాజశేఖరుడు చెప్పినట్టు సంకేతం ఒక చూపులోంచి పుట్టింది. సినిమా ఆ చూపును తీసేసి భయాన్ని మాత్రం ఉంచుకుంది. అరుపు వినిపిస్తుంది, గూడు కనిపించదు.

‘అడవి’ చిత్రం ఈ ధోరణికి చివరి మెట్టు. చిత్రీకరణ కోసం అడవికి వెళ్ళిన సినిమా బృందాన్ని కంటికి కనిపించనిదేదో ఒక్కొక్కరిగా చంపుతుంది. అదేమిటో ప్రేక్షకుడికి చెప్పరు. ఉద్దేశం భయానకమే అయినా, పరిశ్రమ తన గురించి తాను చెప్పుకున్న నిజం ఇందులో ఉంది. పేరు తెలియని అడవిలో ప్రతి చప్పుడూ మృత్యువే. అదే చప్పుడుకు పేరు తెలిస్తే అది జెముడుకాకి కావచ్చు.

అటవీ కథానాయకుడి పరిణామంలోనూ ఇదే కనిపిస్తుంది. ‘అడవిరాముడు’లో అతడు అటవీ అధికారి. ‘అడవి దొంగ’లో టార్జాన్ ఛాయలున్న వనపురుషుడు. ‘పుష్ప’లో కలప దొంగరవాణాదారు. ‘అరణ్య’లో ఏనుగుల దారికి అడ్డంగా లేచిన గోడను ఎదిరించే రక్షకుడు. వృత్తులు మారాయి, నీతి మారింది, అడవి మాత్రం కథానాయకుడి బలాన్ని కొలిచే గోదాగానే ఉండిపోయింది. ‘అరణ్య’ ఒక్కటే నిజమైన సమస్యను ముందుపెట్టింది. ఏనుగుల దారి అనే భావన అందులో నిర్దిష్టంగా ఉంది. కానీ అక్కడా ఏనుగు పరిమాణమే కథకు అర్హత అయింది. చిన్నప్రాణి కోసం ఎవరూ గోడ పగలగొట్టరు.

6. వేరొక దారి: ‘కొండపొలం’

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువుకాలంలో గొర్రెలకాపరులు మేత, నీళ్ళ కోసం మందలను నల్లమలకు తోలుకుపోవడం దాని ఇతివృత్తం. క్రిష్ దర్శకత్వంలో 2021 అక్టోబర్ 8న చిత్రంగా వచ్చింది. చిత్రీకరణ ప్రధానంగా వికారాబాద్ అడవుల్లో జరిగింది. ఇదీ స్థలమార్పిడే. అయితే నల్లమల, వికారాబాద్ రెండూ పొడి ఆకురాల్చే అడవులు. అందువల్ల తెరమీది నేల రంగు, చెట్టు ఎత్తు కథను అబద్ధం చేయలేదు.

అంతకంటే ముఖ్యమైనది చూపు. ఇక్కడ అడవిలోకి వెళ్ళేవారు విహారానికో వేటకో వెళ్ళరు. గొర్రె ఏ ఆకు తింటుంది, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పులి జాడ ఎటువైపు అన్నవి తెలియకపోతే బతకలేరు. అడవి వారికి చదవవలసిన పుస్తకం. చదువుకుని ఉద్యోగం దొరకని యువకుడు ఆ పుస్తకాన్ని పెద్దల దగ్గర నేర్చుకుని చివరకు అటవీ అధికారి అవుతాడు. ‘అడవిరాముడు’లో అధికారి అడవికి బయటినుంచి వస్తాడు, ‘కొండపొలం’లో అడవి అధికారిని తయారుచేస్తుంది. 44 ఏళ్ళ ఎడంలో వచ్చిన ఈ తేడా గమనించదగ్గది. చిత్రం కూడా పులిని ఎదుర్కొనే ఘట్టం దగ్గర పాత గోదాకే తిరిగివెళ్ళిందన్నది నిజం. అయినా జీవనాధారం నుంచి పుట్టిన చూపు ఎలా ఉంటుందో చెప్పగలిగింది.

అదే సంవత్సరం డిసెంబర్ 17న ‘పుష్ప’ విడుదలై దేశమంతటా ఆదరణ పొందింది. ప్రేక్షకుల మనసులో నిలిచిన అడవి ఏదో చెప్పనక్కరలేదు.

7. చూడటం, చూపించడం

తెలంగాణలో దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని నమ్మకం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి కూడా. ఊరిబయటికి నడిచి, చేల గట్లమీద, తీగలమీద, చెట్టుకొమ్మల్లో వెదికి చూసే ఈ ఆచారం ఒకరకంగా మన సొంత పక్షి పరిశీలన. నగరం పెరిగి, ఊరిబయలు దూరమయ్యాక పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు చూపించేవారు బయలుదేరారు. వన్యప్రాణి చట్టం ప్రకారం ఇది నేరం. దర్శనం దక్కుతుంది, పిట్ట నలిగిపోతుంది. చూడటం, చూపించడం మధ్య తేడా ఇక్కడ తెలుస్తుంది. చూడటానికి మనం పిట్ట ఉన్నచోటికి వెళ్ళాలి. చూపించడానికి పిట్టను మనం ఉన్నచోటికి తేవాలి. తెలుగు సినిమా అడవిని చూపించింది, చూడలేదు.

ఈ చర్చ రసచర్చతో ముగిసేది కాదు. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ తిరుముల్‌పాడ్ కేసులో సుప్రీంకోర్టు ‘అడవి’ అనే మాటను నిఘంటు అర్థంలో గ్రహించాలని చెప్పింది. రికార్డుల్లో అటవీభూమిగా నమోదు కాకపోయినా, మాట అర్థానికి సరిపోయే నేలకు రక్షణ వర్తిస్తుందన్నమాట. నిఘంటువులోని అర్థం వాడుకలోంచి వస్తుంది. వాడుకను నేడు అత్యధికంగా ప్రభావితం చేసే కళ సినిమా. అడవి అంటే కారడవే అనుకునే సమాజంలో చిట్టడవి ‘ఖాళీ స్థలం’ అయిపోతుంది.

2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలోని సుమారు 400 ఎకరాల విషయంలో జరిగింది ఇదే. అది అడవా కాదా అన్నదే వివాదానికి కేంద్రమైంది. యంత్రాలు చెట్లు కూల్చడం మొదలుపెట్టాక, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ రోజుల్లో నిజమైన దృశ్యాలతోపాటు కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు కూడా ప్రచారమయ్యాయి. యంత్రాల ముందు పరుగెత్తే లేళ్ళు, నెమళ్ళు వాటిలో సినిమా చట్రంలోనే కనిపించాయి. నెమళ్ళు అక్కడ నిజంగానే ఉన్నాయి. అయినా ఉన్న చిట్టడవి కన్నీళ్ళు తెప్పించడానికి చాలదని ఎవరికో తోచింది, దానికి కారడవి వేషం వేశారు. ఆ అబద్ధం రక్షణకు తోడ్పడలేదు సరికదా, ఉన్న నిజాన్ని కూడా అనుమానించే అవకాశమిచ్చింది. లేనిదాన్ని చెప్పే కవిసమయం న్యాయస్థానం గడప దాకా వస్తే ఎంత ప్రమాదమో ఈ ఘట్టం చెబుతుంది.

8. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు సినిమా అడవి ఒక ఆధునిక కవిసమయం. ప్రాచీన కవిసమయానికి మూలంగా ఒక చూపు ఉన్నట్టు రాజశేఖరుడు సమర్థించాడు. సినిమా సంకేతాలకు అటువంటి మూలం బలహీనంగా ఉంది.

2. స్థలమార్పిడి తనంతట తాను దోషం కాదు. నేల స్వభావాన్ని మార్చే మార్పిడి మాత్రం కథలోని సత్యాన్నీ మారుస్తుంది. ‘కొండపొలం’, ‘పుష్ప’ల మధ్య ఉన్న తేడా ఇదే.

3. చిట్టడవిని అడవిగా చూపకపోవడం వల్ల, ఆ నేలకు మాటలోనూ చట్టంలోనూ రక్షణ సన్నగిల్లే ప్రమాదం ఉంది.

4. దీనికి భారీవ్యయం అవసరం లేదు. కథాస్థలానికి తగిన పక్షుల కూతలను వాడటం, ఏ అడవిలో చిత్రీకరించారో, కథ ఏ అడవిదో చిత్రం చివర పేర్లతో చెప్పడం తొలి అడుగులు కాగలవు.

పెద్దన ప్రవరుడు కాలికి పసరు పూసుకుని హిమాలయాన్ని చూడబోయాడు. మంచులో పసరు కరిగి దారి తప్పాడు. బల్గేరియా దాకా, శ్రీలంక దాకా వెళ్ళగలిగిన పసరు మన సినిమాకు దొరికింది. జూబ్లీహిల్స్‌లోని ఉద్యానవనానికి ఆ పసరు కూడా అక్కరలేదు. తెల్లవారుజామున శబ్దగ్రాహకుడు ఒకరు అక్కడ కూర్చుంటే, ఇంకా ఏ తెలుగు సినిమా సరిగా వినిపించని గొంతులు రెండుమూడైనా దొరుకుతాయి.